మటన్ మీద స్టాంపు అడిగినవా ఎప్పుడన్న?

రెండు నెలల కిందటి వరకు నా ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఉండేది. దాని పేరు ‘ఇక్కడ తినొద్దు’. 2024 వేసవిలో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లను వరసపెట్టి తనిఖీ చేసి, ఫొటోలతో సహా ఎక్స్‌లో పోస్ట్ చేయడం మొదలుపెట్టింది గుర్తుందా? డేట్ దాటిన ప్యాకెట్లు, కిచెన్‌లో బొద్దింకలు, మూతల్లేని డస్ట్‌బిన్లు, లేబుల్ లేని డబ్బాలు. ఆ స్క్రీన్‌షాట్లన్నీ దాచుకునేవాణ్ణి. కొత్తది వచ్చిందంటే చాలు ఆఫీస్ గ్రూప్‌లో పడేసి, కింద రెండు నవ్వు ఎమోజీలు పెట్టి, ‘బాస్, ఇవాళ లంచ్ ఎక్కడ?’ అని రాసేవాణ్ణి. సరదాగానే ఉండేది.

ఒక గురువారం మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా మా టీమ్ కుర్రాడొకడు 38 సెకన్ల వీడియో పెట్టాడు. యూట్యూబ్ లోగో ఉన్న మైకు, స్టీల్ టేబుల్, ఒక నీలం రంగు ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు మీద వేంకటేశ్వరస్వామి స్టిక్కర్, కాస్త వంకరగా.

ఆ స్టిక్కర్ వంకరగా అతికించింది నేనే. అది మా బావ మెస్.

మా గ్రూప్‌లో అప్పటికే పదకొండు నవ్వు ఎమోజీలు పడ్డాయి. నేను మైక్ మ్యూట్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకుని, ఏమీ రాయకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను.

బావది సూర్యాపేట. కరోనా అయ్యాక అక్కను, పిల్లను తీసుకుని ఇక్కడికొచ్చి, మూసాపేటలో ముప్పై మంది కూర్చునేంత మెస్ పెట్టాడు. మామూలు రోజుల్లో భోజనం, ఆదివారం మటన్ బిర్యానీ. పక్క హాస్టళ్ల పిల్లలే సగం గిరాకీ. నేను బీటెక్ అయిపోయి ఉద్యోగం లేక తిరిగిన ఎనిమిది నెలలూ ఆ మెస్‌లోనే తిన్నాను, పైసా ఇవ్వకుండా. కాబట్టి ఇక్కడ రాసేదాన్ని నిష్పాక్షికమైన రిపోర్టింగ్ అనుకోకండి.

సాయంత్రం వెళ్తే షట్టర్ సగం దించి ఉంది. అక్క ఏడ్చి ఏడ్చి కూర్చుంది. బావ మాత్రం ఒక కాగితం చదువుతున్నాడు.

“వీడియోల కుళ్లిన మాంసం అన్నడు వాడు. మేడమ్ అట్ల ఒక్క ముక్క అనలే. కాయితం జూడు, యాడన్న ఉందా?” అన్నాడు.

చూశాను. ఎక్కడా లేదు. కానీ ఉన్నవి కూడా తక్కువేమీ కాదు. ఫ్రిజ్‌లో పెట్టిన ఎనిమిది డబ్బాల మీద ఏ రోజు వండారో రాసి లేదు. పచ్చి చికెన్ పై అరలో, కోసిన కూరగాయలు కింది అరలో ఉన్నాయి. పనివాళ్లకు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు లేవు. 14 అంకెల లైసెన్స్ నంబర్ అందరికీ కనిపించేలా ఉండాలి, మా బావ దాన్ని క్యాలెండర్ వెనక వేలాడదీశాడు. ఫ్రిజ్‌లో ఆ మేడమ్ థర్మామీటర్ పెడితే 11 డిగ్రీలు చూపించిందట. ఉండాల్సింది 5, లేదా అంతకంటే తక్కువ. తలుపు రబ్బరు ఎప్పుడో పగిలింది. అది పగిలిందని నాకూ తెలుసు. మోకాలితో ఒక తన్ను తంతేగానీ ఆ తలుపు పడదు. నేనూ తన్నిన వాణ్ణే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చెప్తాను, ఎందుకంటే ఈ 5 డిగ్రీల గోల నాకూ ఉత్త ఫార్మాలిటీ అనిపించేది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. వాతావరణం బాగా అనుకూలిస్తే కొన్ని రకాలు సుమారు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మధ్యాహ్నం వండిన అన్నం నాలుగు గంటలు అలా బయటే ఉందనుకోండి. పన్నెండుసార్లు రెట్టింపు. మన భాషలో రెండు టు ది పవర్ పన్నెండు, అంటే 4096 రెట్లు. ‘మళ్లీ వేడి చేస్తే చస్తాయి కదా’ అని అడుగుతారు. బ్యాక్టీరియా చస్తుంది. కానీ అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ లాంటివి అప్పటికే వదిలిన విషం వేడికి పోదు. మైక్రోవేవ్ చేసినా, పొగలు కక్కినా అది అలాగే ఉంటుంది. నైట్ షిఫ్టులో రాత్రి పదకొండింటికి తిన్న ఫ్రైడ్ రైస్, ఒంటిగంటకు వాంతులు అయిన బాపతు మీలో చాలామందే ఉంటారు.

సరే, కాగితం సంగతి. దాడి అంటే ఏదో సినిమా రెయిడ్‌లా జరుగుతుందనుకుంటాం. నిజానికి 2006 నాటి ఫుడ్ సేఫ్టీ చట్టం ఒక టికెట్ సిస్టమ్ లాంటిది. బగ్ దొరికింది, టికెట్ తెరిచారు, ఎవరు సరిచేయాలో రాశారు, గడువు ఇచ్చారు. సెక్షన్ 32 కింద ఇచ్చే దాన్ని ఇంప్రూవ్‌మెంట్ నోటీస్ అంటారు. ఫలానా తప్పు ఉంది, ఫలానా విధంగా సరిచేయి, అందుకు కనీసం 14 రోజులు గడువు. సరిచేయకపోతే లైసెన్స్ సస్పెండ్ చేయొచ్చు, అప్పటికీ మారకపోతే రద్దు చేయొచ్చు. జనం ఆరోగ్యానికి అప్పటికప్పుడే ముప్పు ఉందనిపిస్తే వెంటనే మూయించే అధికారాలు వేరే ఉన్నాయి.

ఆ మేడమ్ కారం పొడి శాంపిల్ కూడా తీసుకుందట. బావకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయం, ఆమె డబ్బులిచ్చింది. “ఆఫీసరు పైసలిచ్చుడు నేను జిందగీల జూల్లే” అంటాడు. చట్టంలోనే ఉంది, శాంపిల్‌కి మామూలు రేటు కట్టాలి. తీసుకున్నదాన్ని నాలుగు భాగాలు చేసి సీల్ వేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా. నాలుగోది, హోటల్ వాడు కోరితే, గుర్తింపు ఉన్న వేరే ల్యాబుకు. రిపోర్టు 14 రోజుల్లో రావాలి. అది తప్పనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. అంటే ఒక డబ్బా కారం మీద మాట చెప్పడానికి ఇన్ని బ్యాకప్‌లు పెట్టుకుంది చట్టం. మన 38 సెకన్ల వీడియోకి ఒక్కటీ అక్కర్లేదు.

ఇంకో ముచ్చట, చాలామందికి తెలియదు. సెక్షన్ 40 ప్రకారం మీరూ నేనూ కూడా కొన్న తిండిని ఫీజు కట్టి అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే ఫీజు వాపస్. షరతు ఏంటంటే, కొనేటప్పుడే ‘దీన్ని టెస్టుకి పంపుతా’ అని షాపువాడికి చెప్పాలి. చెప్పి చూడండి, వాడి మొహం ఎలా మారుతుందో.

నోటీసులో చివరి లైను మాత్రం నేను రెండోసారి చదివాను. ‘మాంసం కొనుగోలు బిల్లులు చూపలేదు.’

“బావా, మటన్ బిల్లులు లేవా?” అన్నాను.

అక్క లేచి లోపలికి పోయింది. బావ కాగితం మడిచాడు.

సంగతేంటంటే, ఏడాదిగా బావ మటన్ కొంటున్నది షాపులో కాదు. ఎవరో ఒకతను ఆదివారం పొద్దున బండి మీద గోనెసంచిలో తెచ్చి దించిపోతాడు. బిల్లు ఉండదు, రేటు మాత్రం మార్కెట్ కన్నా కిలోకు 120 రూపాయలు తక్కువ. ఎక్కడ కోశారో, ఎవరు చూశారో తెలీదు.

“తప్పే. కాదంటలే. కని ఇగో, మూలమీద హోటలోడు 199కి మటన్ బిర్యానీ పెట్టిండు. నేను 260 అంటే పోరగాండ్లు వస్తరా? నువ్వు ఇన్నేండ్ల సంది బిర్యానీ తింటున్నవ్. మటన్ మీద స్టాంపు అడిగినవా ఎప్పుడన్న?”

అడగలేదు. స్టాంపు ఉంటుందనే సరిగ్గా తెలీదు.

రాత్రి ఇంటికొచ్చి నా ఇంటర్ ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. వాడు రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివాడు. నేను కంప్యూటర్ సైన్స్ తీసుకున్నప్పుడు ‘నువ్వు గొర్రెల డాక్టరువి’ అని ఏడిపించేవాణ్ణి. ఆ రాత్రి గంటన్నర మాట్లాడాడు, గొర్రెల గురించే.

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. సిటీలో మేకనో గొర్రెనో ఎక్కడ పడితే అక్కడ కోయకూడదు. గుర్తింపు ఉన్న స్లాటర్ హౌస్‌లోనే కోయాలి. మనకు జియాగూడ, చెంగిచర్ల, అంబర్‌పేటలో ఉన్నాయి. అక్కడ డాక్టరు రెండుసార్లు చూస్తాడు, ప్రాణంతో ఉన్నప్పుడు ఒకసారి, కోశాక ఒకసారి. మొదటిసారి జ్వరం ఉందా, కుంటుతోందా, ముక్కు కారుతోందా, చూడిదా అని చూస్తాడు. రెండోసారి కార్జం, ఊపిరితిత్తులు, గ్రంథులు కోసి చూస్తాడు. అన్నీ బాగుంటేనే ముద్ర.

“ప్రాణంతో ఉన్నప్పుడు చూడకపోతే ఏమవుతుందిరా? కోశాక ఎలాగూ కనిపిస్తుంది కదా” అన్నాను.

“దొమ్మ రోగం పేరు విన్నవా? ఆంత్రాక్స్. అది ఉన్నదాన్ని అసలు కత్తి పెట్టొద్దు. కోసినోడికే మొదలు అంటుకుంటది. దాని స్పోర్లు నేలల పడితే ఏండ్లకేండ్లు బతికి ఉంటయి. కోసినంక చూస్తమంటే అయిపోయిందిరా కథ.”

ఇక కార్జం, ఊపిరితిత్తుల సంగతి. కొన్ని గొర్రెల్లో వాటి మీద నీటి బుడగల్లాంటివి ఉంటాయట. హైడాటిడ్ సిస్టులు. ఆ కార్జం తింటేనే మనకు వస్తుందనుకున్నాను. కాదట. స్టాంపు లేని షెడ్డులో అలాంటి కార్జాన్ని పనికిరాదని బయట పారేస్తారు. వీధి కుక్క తింటుంది. దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. కుక్క మలంతో గుడ్లు మట్టిలోకి, ఆకుకూరల మీదికి, పిల్లల చేతుల్లోకి వస్తాయి. అక్కడి నుంచి మనిషి కార్జంలోకో ఊపిరితిత్తుల్లోకో. తిన్నవాడికి, జబ్బు వచ్చినవాడికి సంబంధం ఉండక్కర్లేదు. మటన్ ముట్టని మనిషికీ రావచ్చు. అందుకే స్లాటర్ హౌస్‌లో ఆ భాగాలను వేరు చేసి నాశనం చేయాలి, ఊరి మీదికి వదలకూడదు.

నేను ఇన్నాళ్లూ ‘నేను తింటాను, రిస్కు నాది’ అనుకునే టైపు. రోడ్డు మీద ఎక్కడైనా తినేవాణ్ణి. ఈ కుక్క సంగతి విన్నాక ఆ మాట అనడానికి నోరు రాలేదు.

వాడు ఇంకో లెక్క కూడా చెప్పాడు. 2001 నాటి స్లాటర్ హౌస్ రూల్స్ ప్రకారం ఒక డాక్టరు గంటకు 12 జంతువులకు మించి పరీక్షించకూడదు, రోజుకు 96 దాటకూడదు. అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఇప్పుడు ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ ఎంత మటన్ తింటుందో మీరే ఊహించుకోండి. ఎంతమంది డాక్టర్లు కావాలి? మనం స్విగ్గీలో డెలివరీ నాలుగు నిమిషాలు లేటైతే రేటింగ్ తగ్గించేస్తాం. ఈ ఐదు నిమిషాలు ఎవరైనా ఇచ్చారా లేదా అని మాత్రం ఏ యాప్‌లోనూ కాలమ్ లేదు.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బావ, నేను స్కూటీ మీద జియాగూడ వెళ్లాం. చలి, రోడ్డంతా తడి, గొర్రెల వాసన. ఆ టైముకే జాతరలా ఉంది. బావ మూడు షాపులు తిరిగి, వేలాడుతున్న తొడను తిప్పి చూసి, సిరా ముద్ర మీద వేలు పెట్టి నాకు చూపించాడు. సగం చెరిగి ఉంది. అక్షరాలు చదవడానికి ఫోన్ టార్చ్ వేయాల్సి వచ్చింది. ఇన్నేళ్ల బిర్యానీ జీవితంలో ఆ ముద్రను చూడటం అదే మొదటిసారి. షాపు ఆయన బిల్లు అడిగితే వింతగా చూసి, తర్వాత పుస్తకం వెతికి రాసిచ్చాడు. ముప్పై కిలోలు. రేటు విన్నాక బావ కాసేపు మాట్లాడలేదు.

వచ్చాక ప్లేటు 240 నుంచి 270 చేశాడు. మొదటి ఆదివారం నలభై ప్లేట్లు మిగిలాయి. వీడియో వల్ల కొంత, రేటు వల్ల కొంత. ఏది ఎంతో చెప్పలేను. మిగిలింది మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి సోమవారం అమ్మే ఆప్షన్ ఇప్పుడు లేదు కదా, హాస్టల్ వాచ్‌మన్లకు, ఆటోవాళ్లకు అక్క రాత్రే పంచేసింది. ఆ రాత్రి ఇద్దరికీ గొడవైందని మా మేనకోడలు ఫోన్‌లో చెప్పింది.

నేను చేయగలిగింది నేను చేశాను. ఫ్రిజ్ రబ్బరు మార్పించాను. ఒక చిన్న థర్మామీటర్ కొన్నాను. గూగుల్ షీట్‌లో టెంపరేచర్ లాగ్ తయారుచేసి, గంటకోసారి రిమైండర్ పెట్టి, గ్రాఫ్ కూడా వచ్చేలా చేసి బావకు గర్వంగా చూపించాను. రెండు రోజులు నింపారు. మూడో రోజు వంట మాస్టర్ ఒక పాత క్యాలెండర్ వెనక గీతలు కొట్టి, దారంతో పెన్ను కట్టి, ఫ్రిజ్ పక్కన వేలాడదీశాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. నా షీట్ చివరి ఎడిట్ ఆ రెండో రోజుదే.

పనివాళ్లు నలుగురికీ మెడికల్ పరీక్షలు చేయించాడు బావ, టైఫాయిడ్ టీకాలు వేయించాడు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు సూదికి భయపడి ఒక పూట మాయమయ్యాడు.

మాన్‌హాటన్‌లో పనిచేసే మా కాలేజీ ఫ్రెండ్‌కి ఇదంతా చెప్తే వాడు ఒక ఫొటో పంపాడు. వాడు రోజూ దోశ తినే హోటల్ అద్దం మీద పెద్ద ‘ఎ’ అక్షరం కార్డు. న్యూయార్క్‌లో 2010 నుంచి ఉందట. తనిఖీలో తప్పులకు పాయింట్లు వేస్తారు. 13 దాకా అయితే ఎ, 27 దాకా బి, ఆ పైన సి. తలుపు తీయకముందే కనిపించాలి. ఏ రోజు ఏ తప్పు దొరికింది, తర్వాత తనిఖీలో ఎంత వచ్చింది అన్నీ ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మొదట బి వచ్చి తర్వాత ఎ వచ్చిన హోటల్ చరిత్ర మొత్తం తెలుస్తుంది. అక్కడ అంతా శుభ్రమని కాదు, ఎలుకల వీడియోలు వాళ్లకీ ఉన్నాయి. కానీ టికెట్ క్లోజ్ అయిందో లేదో జనానికి కనిపిస్తుంది. నా ఫోల్డర్‌లో ఉన్న స్క్రీన్‌షాట్లన్నీ తెరిచిన టికెట్లే. అందులో ఎన్ని సరిచేశారో నేను ఒక్కసారీ వెతకలేదు. సరిచేసిన కిచెన్ ఫొటోకి నవ్వు ఎమోజీ ఎవడు పెడతాడు?

ఇరవై రెండో రోజు, మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి ఆ మేడమే మళ్లీ వచ్చింది. వెంట ఒక అటెండర్, కెమెరా లేదు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఆ వారమంతా మెస్‌లోనే కూర్చున్నాను కాబట్టి చూశాను. ఫ్రిజ్ తీసింది. తలుపు తన్నకుండానే మూసుకోవడం నాకు కొత్తగా అనిపించింది. థర్మామీటర్ 4.2 చూపించింది. డబ్బాల మీద తేదీలు చదివింది. క్యాలెండర్ వెనక గీతలు చూసి, ఒక రోజు రాత్రి అంకె లేకపోతే ఎందుకని అడిగింది. కరెంటు పోయిందని మాస్టర్ చెప్పాడు. “అప్పుడే కదా రాయాల్సింది” అంది. కారం రిపోర్టు సరిగానే వచ్చిందని చెప్పింది. మటన్ బిల్లులు మూడు చూసి, తేదీలు రాసుకుంది. టీ వద్దంది. మొత్తం ఇరవై నిమిషాలు.

ఆ యూట్యూబ్ కుర్రాడికి మెసేజ్ పెట్టాను, తనిఖీ మళ్లీ జరిగింది, ఫొటోలు పంపనా అని. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. పాత వీడియో లక్ష దాటింది. నేను మా ఆఫీస్ గ్రూప్‌లో, ‘ఆ మెస్ మా బావది, ఇదిగో ఇప్పుడు ఇలా ఉంది’ అని ఫ్రిజ్ ఫొటో పెట్టాను. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. వీడియో పెట్టిన కుర్రాడు రాత్రి విడిగా సారీ చెప్పాడు. వాడి తప్పేముంది, ఆ అలవాటు చేసింది నేనే.

బావ మెస్ ఇంకా నష్టంలోనే ఉంది. హాస్టల్ పిల్లలు కొంతమంది తిరిగొచ్చారు. గోనెసంచి అతను ఇంకోసారి ఫోన్ చేశాడట, ఈసారి 150 తగ్గిస్తానని. బావ ఫోన్ పెట్టేసి చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాడని అక్క చెప్పింది. ఏమన్నావని అడిగితే, “వద్దన్న. ఇయ్యాల్టికి వద్దన్న” అన్నాడు.

మొన్న శనివారం మా టీమ్‌లో ఒకడికి ప్రమోషన్ వచ్చిందని పార్టీ. పెద్ద హోటల్, ఏసీ, ప్లేటు బావ దగ్గర కన్నా రెట్టింపు రేటు. వెయిటర్ రాగానే అడిగాను, “మటన్ ఎక్కణ్ణుంచి తెస్తారు, స్టాంపు ఉన్నదేనా?” అతను మెనూ కార్డు వంక చూసి, నా వంక చూసి, వెళ్లి మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. మేనేజర్ వంగి, చాలా మర్యాదగా, నా ఫోన్ ఎక్కడుందో చూస్తూ అడిగాడు. “సార్, మీరు యూట్యూబా?”

మావాళ్లు గబగబా అందరికీ చికెన్ చెప్పేశారు.